జీలుగు మొక్కల్ని కదిపిన వేసవి

చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే రోడ్డు పక్కన కనకదుర్గకి ఒక నర్సరీ ఉండేది. పెద్దదేం కాదు. అరెకరం కౌలు నేల, పైన ఆకుపచ్చ నెట్టు, ఒక బోరు, ముందు నాలుగు వరసల గులాబీలు, మందారాలు, వెనక మామిడి అంట్లు. అంతకు ముందు పన్నెండేళ్ళు వేరేవాళ్ళ నర్సరీలో మట్టి సంచులు నింపిన మనిషి కాబట్టి, తన పేరు రాసిన బోర్డు కింద మొదటిసారి కూర్చున్న రోజున ఆమెకి ఆకలి కూడా వెయ్యలేదు.

అలా ఏడాదిన్నర గడిచాక ఆమె చేతికి జీలుగు విత్తనాలు వచ్చాయి.

జీలుగంటే మన మళ్ళలో పచ్చిరొట్ట ఎరువు కోసం చల్లే జీలుగు కాదు. కొండల్లో పెరిగే తాటిజాతి చెట్టు. ఆకు చేప తోకలా చీలి ఉంటుంది, గెలలు జడలు జడలుగా వేలాడతాయి. కొండవాళ్ళు దాన్నుంచి కల్లు తీస్తారు, బెల్లం వండుతారు. మాడుగుల దాటి ఘాట్ ఎక్కాక వచ్చే ఒక ఊరి పెద్ద, కొర్రా బొంజుబాబు, ఒక రోజు గోనెసంచీ భుజాన వేసుకుని బస్సు దిగి నర్సరీలోకి వచ్చాడు. సంచీ నిండా ఎర్రటి జీలుగు పళ్ళు.

"పెద్ద గాలివానకి మా ఊరి చెట్లు సగానికి సగం పడిపోయేయమ్మా" అన్నాడు. "అడవిలో మొలిచినవి పీకి తెచ్చి నాటుతన్నాం. పదింటికి ఒకటైనా బతకదు. మీరు సంచుల్లో పెంచి ఇస్తే ఇంటికి ఆరేసి మొక్కలు ఏసుకుంటాం. అరవై ఇళ్ళున్నాయి."

ఒప్పుకోవడం ఒప్పుకుంది గానీ, ఆ పళ్ళు ఎలాంటివో అప్పుడామెకి తెలియదు. తొక్క తీసి కడిగేసరికి రెండు చేతులూ మోచేతుల దాకా దురద. మూడు రోజులు కొబ్బరినూనె రాసుకుంటూ తిరిగింది. విత్తనాలు ఇసుక మడిలో పోస్తే నెల గడిచినా, రెండు నెలలు గడిచినా ఒక్కటీ కదల్లేదు. నాలుగో నెలలో ఒక మొలక కనబడింది. తర్వాత ఒకటొకటిగా లేచాయి. వాటిని పసిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తి సంచుల్లో పెట్టింది. ఏడాదిన్నర తిరిగేసరికి నాలుగువందల పన్నెండు మొక్కలు, మూడేసి ఆకులతో నిలబడ్డాయి.

పక్క పొలం చెరకు రైతు బంగార్రాజు గట్టు మీద నిలబడి చూసి, "పచ్చిరొట్ట ఇత్తనాలు మళ్ళో సల్లుకుంటారు గానీ సంచుల్లో పెంచుతారేటమ్మా?" అని నవ్వాడు. ఇది వేరే జీలుగని చెబితే నమ్మలేదు. అయినా రోజూ పొద్దున్న గట్టు మీద ఆగి ఎన్ని ఆకులొచ్చాయో చూసి వెళ్ళేవాడు.

ఏప్రిల్ నెలాఖరులో నేల ఆసామి వచ్చాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారట. ముందు భాగం పోతుంది, మిగిలిన ముక్క అమ్మేస్తున్నాడు. జూన్ పదో తేదీకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. మర్యాదగానే చెప్పాడు, పాపం ఆయన్ని అనడానికేమీ లేదు.

గులాబీలూ మామిడి అంట్లూ ఎక్కడికి తీసుకెళ్ళినా బతుకుతాయి. కనకదుర్గ ముందు జీలుగు సంచీ ఒకటి పట్టుకుని పైకెత్తింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. కింద పుటుక్కుమని ఏదో తెగింది. సంచీ తిప్పి చూస్తే అడుగున చిల్లుల్లోంచి వేళ్ళు బయటికొచ్చి నేలలోకి దిగిపోయి ఉన్నాయి. తెగిన కొసలు తెల్లగా కనిపిస్తున్నాయి. అదొక్క మొక్కకే అలా జరిగిందేమోననుకుని ఇంకోటి లాగింది, మరోటి లాగింది. అలా ఇరవై ఆరు సంచులు తీసి మామిడి అంట్ల నీడలో పెట్టింది.

మూడో రోజుకి ఆకులు వాలాయి. అయిదో రోజుకి నడిమి మొవ్వు, అంటే కొత్త ఆకు చుట్ట చుట్టుకుని లేచే ఆ సూది, గోధుమరంగుకి తిరిగింది. వారం తిరిగేసరికి పంతొమ్మిది మొక్కలు చచ్చిపోయాయి. మిగిలిన ఏడూ ఆ దారినే ఉన్నాయి.

ఆమె భర్త హరిబాబు ట్రాక్టర్ల మెకానిక్కు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె మొక్కల మధ్య నేల మీద కూర్చుని ఉంది.

"తప్పు నాదే" అంది. "సంచుల కింద ప్లాస్టిక్ పట్టా వెయ్యలేదు. రెండు నెలలకోసారి జరపనూ లేదు. జ్ఞానమ్మప్ప నెత్తీనోరూ కొట్టుకుని సెప్పేది."

"మరి ఆవిణ్ణే అడగొచ్చు కదా."

కనకదుర్గ చచ్చిన మొక్కల్ని ఒక పక్కకి పేర్చింది.

జ్ఞానమ్మ ఆ పాత నర్సరీలో ఆమెకి పని నేర్పిన మనిషి, అక్కలా చూసుకుని అప్పా అని పిలిచేది. మట్టి ఎలా కలపాలి, సంచీ ఎంత గట్టిగా కూరాలి, మొలకని ఏ వేళ్ళతో పట్టుకోవాలి, అన్నీ ఆవిడ చేతుల నుంచే వచ్చాయి. పన్నెండేళ్ళు ఒకే చెట్టు కింద అన్నాలు తిన్నారు. కనకదుర్గ సొంతంగా నర్సరీ పెడుతున్నప్పుడు, "మీ అప్పని కూడా తీసుకెల్తావా?" అని తోటి కూలీ ఒకామె అడిగింది. అప్పటికే జ్ఞానమ్మకి కళ్ళలో నీటికాసులు. చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వస్తోంది. పోయిన చూపు ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. "కళ్ళు కనబడని మనిషిని పెట్టుకుని నేనేటి సెయ్యను?" అనేసింది కనకదుర్గ. ఆ మాట జ్ఞానమ్మ చెవిన పడకుండా ఉండదని అన్న మరుక్షణమే ఆమెకి తెలుసు. అప్పటి నుంచీ మూడేళ్ళుగా జ్ఞానమ్మ ఉండే వీధికి వెళ్ళలేదు.

మర్నాడు వెళ్ళింది. చచ్చిన మొక్క ఒకటి సంచీతో సహా పట్టుకుని వెళ్ళింది.

జ్ఞానమ్మ ఉండే తమ్ముడి ఇల్లు చర్చి వీధిలో చివరిది. అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది.

"ఎవరది?"

"నేనప్పా. దుర్గని."

జ్ఞానమ్మ చేతులు ఆగి మళ్ళీ కదిలాయి. "కూకో" అంది.

కనకదుర్గ కూర్చుంది. మొక్కని ఆవిడ ఒళ్ళో పెట్టింది. జ్ఞానమ్మ చింతపండు చేతులు చీర చెంగుకి తుడుచుకుని, ముందు ఆకుల్ని తడిమింది. మొవ్వుని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగింది. అది ఊడి చేతికొచ్చింది. కొస వాసన చూసింది. తర్వాత సంచీ అడుగున వేలుపెట్టి, తెగిన వేళ్ళని ఒక్కొక్కటే తాకింది.

"కింద పట్టా ఎయ్యలేదు."

"లేదప్పా."

"పీకేవు."

"పీకేను."

"ఇంకా ఎన్నున్నాయి, నేల్లో దిగినవి?"

"మూడొందల ఎనభై ఆరు."

జ్ఞానమ్మ ఆ మొక్కని పక్కన పెట్టింది. కనకదుర్గ తల వంచుకుని కూర్చుంది. అనాల్సినవి అంటుందని ఎదురుచూసింది. జ్ఞానమ్మ అన్నది ఇంతే: "పొద్దున్నే ఆటో పంపు. ఇయ్యాల సాయంత్రం మొక్కలకి బాగా నీళ్ళు పెట్టు, నేలంతా నానాల. పాత హాక్సా బ్లేడు ఒకటి ఉంచమను మీ ఆయన్ని. సంచీ మీద సెయ్యి ఎయ్యకు, ఇంకొకటి కూడా."

హరిబాబు బ్లేడుని పళ్ళు లేకుండా సాన పట్టి, సన్నటి ఇనుప కడ్డీకి వెల్డింగు చేశాడు. పొద్దున్న జ్ఞానమ్మ దాన్ని బొటనవేలితో సరిచూసుకుంది. మొదటి వరసలో గొంతుక్కూర్చుని, సంచీ పక్కన నేలలోకి బ్లేడుని ఏటవాలుగా దింపింది. అడుగు దాకా వెళ్ళాక ఒక్కసారి పక్కకి తోసింది. సంచీ కదల్లేదు.

"సగం వేళ్ళే తెంపేం" అంది. "ఈ పక్కవి. ఆ పక్కవి అలాగే ఉన్నాయి కదా, నీళ్ళు తాగుతూ ఉంటాది. ఈలోగా సంచీ లోపల కొత్త వేళ్ళు పుడతాయి. పన్నెండు రోజులు పోయాక ఆ పక్క తెంపుదాం. ఇంకో రెండు వారాలాగి ఎత్తుదాం."

"జూన్ పదికి ఖాళీ చెయ్యాలప్పా."

"లెక్క సూసుకునే సెప్పేను. నీకు తొందరుంటాది. దానికి తెలవదు కదా."

రెండు రోజులు పట్టింది మూడొందల ఎనభై ఆరుకీ. కోసిన చోటల్లా కనకదుర్గ ఇసుక పోసి అదిమింది. ఆకులు కత్తిరిస్తే మంచిదేమోనని అడిగింది. "ఉన్నదే మూడాకులు. అవి కోసేస్తే అది ఏటి తిని బతుకుద్ది?" అంది జ్ఞానమ్మ. ఎరువు వేద్దామంటే వద్దంది. నీళ్ళు మొవ్వులో నిలవకుండా మొదలు దగ్గరే పొయ్యమంది. ఇద్దరి మధ్యా ఇవే మాటలు. ఇంకేవీ రాలేదు.

రోజూ పొద్దున్న ఆటోలో వచ్చేది జ్ఞానమ్మ. వరసల మధ్య పీట జరుపుకుంటూ ప్రతి మొక్క మొవ్వునీ రెండు వేళ్ళతో పట్టుకుని చూసేది. గట్టిగా ఉంటే ముందుకి. కాస్త వదులుగా ఉంటే, "దీనికి నీడ పెంచు" అనేది. ఆ మొక్క పైకి చూడ్డానికి బాగానే ఉండేది, కనకదుర్గ కళ్ళకి ఏమీ తెలిసేది కాదు. రెండు రోజులు పోయాక చూస్తే ఆ మొక్క ఆకే కొద్దిగా ముడుచుకునేది.

మే పద్దెనిమిదో తేదీన రెండో పక్క కోశారు. వెంటనే నడివేసవి ఎండలు పట్టుకున్నాయి. పడమటి గాలి పొయ్యి మూత తీసినట్టు కొట్టేది. నెట్టు చుట్టూ తడి గోనెలు వేలాడగట్టారు. గంటకోసారి తడపాలి. సరిగ్గా అప్పుడే బోరులో నీళ్ళు సన్నగిల్లాయి. మధ్యాహ్నానికి పైపులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

కనకదుర్గ గట్టెక్కి బంగార్రాజు పొలం వైపు చూసింది. అడగడానికి నోరు రాలేదు. ఆయన చెరకు కూడా ఎండుతోంది, మోటారు కరెంటు ఉన్న కాసేపే ఆడుతుంది. అడగాల్సిన పని పడలేదు. సాయంత్రం ఆయనే గొట్టం చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు.

"ఒక గంట ఇటు తిప్పుతాను" అన్నాడు. "చెరకు ఒక పూట తాగకపోతే సావదు. మీయి సచ్చిపోతాయంట కదా."

"ఇన్నాళ్ళూ పచ్చిరొట్టన్నావు కదా బాబూ" అంది జ్ఞానమ్మ.

"అవన్నీ ఊసులు లేమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ.

పదకొండు రోజులు అలా నీళ్ళిచ్చాడు. చివర్న చెరకు వరసలు రెండు పసుపెక్కాయి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కనకదుర్గే గట్టు మీద నుంచి చూసింది. ఆ రోజు ఇంటికెళ్ళి హరిబాబుతో చెప్పింది.

మొక్కలు ఎక్కడికి చేర్చాలన్నది తేలనేలేదు. ఖాళీ నేలలు దొరికేవి, నీడ దొరికేది కాదు. జ్ఞానమ్మ తమ్ముడు కృపారావు చర్చి పెద్దల్లో ఒకడు. చర్చి వెనక పెద్ద మామిడి చెట్లు రెండున్నాయి, నుయ్యి ఉంది. ఆయన ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో అడిగాడు. ఎవరూ కాదనలేదు. వానలు పడేదాకా ఉంచుకోమన్నారు. ఆ వారం ప్రార్థనలో రోగుల పేర్ల తర్వాత కొండవాళ్ళ మొక్కల కోసం కూడా ప్రార్థించారని జ్ఞానమ్మ చెప్పింది. కనకదుర్గ అప్పటికే వినాయకుడికి కొబ్బరికాయ మొక్కుకుని ఉంది. ఇద్దరు దేవుళ్ళకీ మాట చేరుతోందని ఆమెకి ధైర్యం వచ్చింది.

జూన్ రెండో తేదీ తెల్లారుతూనే బంగార్రాజు ట్రాక్టరు తెచ్చాడు. తొట్టెలో మోకాలి మందాన చెరకు ఆకు పరిచి, దాని మీద తడి గోనెలు వేశాడు. కనకదుర్గ మొదటి సంచీ ముందు కూర్చుంది. మొక్క మొదలు పట్టుకోబోయింది.

"అడుగున సెయ్యి పెట్టు" అంది జ్ఞానమ్మ. "మొక్కని పట్టుకోకు. మట్టిని పట్టుకో."

సంచీ ఏ చప్పుడూ లేకుండా లేచి చేతుల్లోకొచ్చింది. అడుగున చూస్తే పాత వేళ్ళు తెగినచోట నల్లగా ఆరి ఉన్నాయి. చిల్లుల్లోంచి లోపల తెల్లటి కొత్త వేళ్ళు కనిపించాయి. కనకదుర్గ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వేళ్ళ మీద జ్ఞానమ్మ చెయ్యి పెట్టించింది.

"సూసేను" అంది జ్ఞానమ్మ.

బంగార్రాజు ట్రాక్టరుని మనిషి నడిచేంత మెల్లగా నడిపాడు. వెనక మోటారు సైకిళ్ళవాళ్ళు హారన్లు కొట్టారు. చర్చి వీధిలోకి తిరిగేసరికి ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికొచ్చారు. ఎవరూ పిలవలేదు. తొట్టె దగ్గర నుంచి మామిడి చెట్ల దాకా వరసగా నిలబడ్డారు. సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి అందుకుంటూ వెళ్ళింది. "అడుగు పట్టుకోండి, అడుగు పట్టుకోండి" అని జ్ఞానమ్మ పీట మీద కూర్చుని చెబుతూనే ఉంది. ఎండ ముదరక ముందే అన్నీ దిగాయి. ఈసారి కింద పట్టా వేశారు.

మొదటి పది రోజుల్లో పన్నెండు మొక్కలు పోయాయి. కనకదుర్గ వాటిని విడిగా పెట్టి, పోయినవాటినే లెక్కపెట్టుకుంటూ ఉండేది. మిగిలిన మూడొందల డెబ్బై నాలుగూ తలెత్తుకునే ఉన్నాయని నూతికొచ్చిన వీధి ఆడవాళ్ళే ఆమెకి చెప్పారు. జూన్ నెలాఖరుకి వానలు పడ్డాయి. తొలి వానకి తడిసిన మర్నాడే జ్ఞానమ్మ వేళ్ళకి కొన్ని మొవ్వులు పొడుగైనట్టు తగిలాయి.

జులైలో బొంజుబాబు వ్యాను తీసుకుని వచ్చాడు. మొక్కలతో పాటు కనకదుర్గా జ్ఞానమ్మా కొండెక్కారు. గోతులు తవ్వి సిద్ధంగా ఉన్నాయి. జ్ఞానమ్మ ఒక గోతి పక్కన కూర్చుని, సంచీని అడుగు నుంచి ఎలా చీల్చాలో, మట్టిగడ్డ చెదరకుండా ఎలా దింపాలో, మొదలు సంచీలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున ఎందుకుండాలో చేసి చూపించింది. "మొవ్వు మట్టిలో కప్పడితే కుళ్ళిపోద్ది" అంది. పడమటి పక్క రెమ్మలు గుచ్చి నీడ కట్టమంది. కొండ ఆడవాళ్ళు ఆవిడ చేతులకేసే చూశారు. తర్వాత ఒక ముసలామె తను నాటిన మొక్క దగ్గరికి జ్ఞానమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తడిమించింది. జ్ఞానమ్మ సరేనన్నట్టు తలూపింది. ఆ ముసలామె ఎంత సంతోషించిందంటే, మధ్యాహ్నం సామల అన్నం తనింట్లోనే తినాలని పట్టుబట్టింది.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. మాడుగుల దాటేదాకా కనకదుర్గ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"అప్పా, అప్పట్లో నేనో మాటన్నాను."

"అన్నావు."

"నీకు తెలుసు."

"రెండోనాడే తెల్సింది." జ్ఞానమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఉంది. గోళ్ళలో ఇంకా కొండమట్టి ఉంది. "ఏడ్సేను. నువ్వు అబద్ధం ఆడేవని కాదు, నిజమేనేమోనని ఏడ్సేను. ఇంక ఈ చేతులతో పని అయిపోయిందనుకున్నాను. మూడేళ్ళు మా తమ్ముడింట్లో చింతపండు ఒలిసేను. నువ్వు ఆ సచ్చిన మొక్క తెచ్చి ఒళ్ళో పెట్టేవు సూడు, దాన్ని తడిమితే అంతా తెలిసిపోయింది నాకు. ఏటి జరిగిందో, ఎక్కడ తెగిందో. ఆ రేత్రి దేవుడికి స్తోత్రం సెప్పుకున్నాను."

"నేను క్షమించమని అడగాలప్పా."

"అడిగేవు కదా, ఇప్పుడు. అయిపోయింది."

కనకదుర్గ ఆవిడ చెయ్యి పట్టుకుంది. బస్సు కుదుపులకి ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. చెప్పాలనుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి గానీ, అన్నీ ఆ చేతిలో ఉన్న చేతిని చూస్తే చిన్నవైపోయాయి. చోడవరం వచ్చేదాకా వదల్లేదు.

కార్తీకమాసంలో బొంజుబాబు ఫోను చేశాడు. మేకలు తిన్నవీ, పిల్లలు తొక్కినవీ పోగా మూడొందల నలభై చిల్లర నిలబడ్డాయట. కల్లు దిగాలంటే ఇంకా పన్నెండు పదిహేనేళ్ళు పడుతుంది. "అప్పటికి నేనుంటానో లేదో గానీ, మా ఊరోళ్ళు మీ పేర్లు సెప్పుకుంటారమ్మా" అన్నాడు. రెండు పేర్లూ ఆయనకి సరిగ్గా గుర్తున్నాయి.

కనకదుర్గకి చర్చి వీధి వెనకే ఒక పాతిక సెంట్ల నేల దొరికింది. జ్ఞానమ్మ పొద్దున్నే నడిచి వస్తుంది. సంచుల పని ఇద్దరూ కలిసే చేస్తారు. కొత్త చోట మొదటి గులాబీలు పూసిన రోజున కనకదుర్గ వరసలో నిలబడి సంచులందించిన ప్రతి ఇంటికీ ఒక మొక్క తీసుకెళ్ళి ఇచ్చింది. బంగార్రాజుకి రెండిచ్చింది. ఆయన, "చెరకు మధ్యలో గులాబీలు ఎక్కడెయ్యనమ్మా?" అంటూనే రెండూ తీసుకెళ్ళి మోటారు షెడ్డు పక్కన నాటాడు.

సాయంత్రం చివరి మొక్క పట్టుకుని జ్ఞానమ్మ దగ్గరికి వచ్చింది. ఏ రంగు కావాలని అడిగింది.

"వాసనొచ్చేది ఇయ్యి" అంది జ్ఞానమ్మ.